గీయని కాలువ

దాళ్వా, అంటే రెండో పంట, కోతలు ముగింపుకొచ్చాక, ఏప్రిల్ నెలలో, మా ఊరి కాలువ కట్టేస్తారు. విజ్జేశ్వరం దగ్గర, గోదావరి నీళ్లు కాలువలోకి వదిలే తలుపులు దించినంత మాత్రాన నీరు వెంటనే పోదు. నాలుగైదు రోజులపాటు రోజుకో మెట్టు చొప్పున కిందికి దిగుతూ, ముందు రేవు మెట్ల మీది పాకుడును, తర్వాత గట్టులోంచి వేలాడే వేళ్లను, ఆ తర్వాత ఎవరి చేతిలోంచో ఎప్పుడో జారిపోయిన స్టీలు గ్లాసును బయటపెట్టి, చివరికి పగుళ్లిచ్చిన ఒండ్రును, దాని నడుమ ఒక సన్నని బురద చాలును మిగిల్చి వెళ్లిపోతుంది. మంచినీళ్ల చెరువులు ముందే నింపుకోవడం, పూడిక తీయించడం, తూములు బాగుచేయించడం ఆ రోజుల్లో ఊరివాళ్ల పనులు. నాకు వేరొక పని ఉంటుంది. నాలుగేళ్లుగా, కాలువలో నీళ్లు లేని రోజుల్లో, పొద్దున్న ఆరు గంటలకు రేవు పైమెట్టు మీద కూర్చుని, ఒక పెన్సిలూ ఒక నోటుబుక్కూ ఒళ్లో పెట్టుకుని ఆ ఖాళీని చూస్తాను.

మొదటి ఏడాది దాన్ని ఎలా గీయాలో తెలియలేదు. నీళ్లున్నప్పుడు చేతికి పని దొరుకుతుంది: అలలుంటాయి, కొబ్బరిచెట్ల నీడలుంటాయి, గుర్రపుడెక్క ఉంటుంది, అవతలి రేవులో బట్టలుతికేవాళ్లుంటారు. నీళ్లు పోయాక అక్కడ మిగిలేది ఒక పెద్ద లేమి. లేనిదాన్ని ఏ గీతతో మొదలుపెట్టాలి? రెండు రోజులు ఊరికే కూర్చుని వచ్చేశాను. మూడోరోజు కాలువ సంగతి వదిలిపెట్టి, ఉన్నవాటిని అవి ఉన్నంతవరకే గీశాను: ఇవతలి గట్టు ఎక్కడ తెగిందో అక్కడివరకు, మెట్లు ఎక్కడ బురదలోకి దిగాయో అక్కడివరకు, వంతెన స్తంభాలు ఎక్కడ నేలను తాకాయో అక్కడివరకు, అవతలి గట్టున సగం వేళ్లు గాలిలో వేలాడుతున్న కొబ్బరిచెట్టు ఎక్కడ ముగిసిందో అక్కడివరకు. గంట తర్వాత కాగితాన్ని చేయిచాపి పట్టుకుని చూస్తే, పేజీ నడుమ, ఒక్క గీత కూడా పడనిచోట, కాలువ ఉంది. దాని వంపు ఉంది, లోతు ఉంది, వంతెన కింద అది ఇరుకయ్యే తీరు కూడా ఉంది. నేను దాన్ని గీయలేదు. దాని చుట్టూ ఉన్నవాటిని జాగ్రత్తగా గీసి, వాటి అంచుల దగ్గర ఆగాను.

నేను చెప్పదలచినదంతా ఆ పేజీలోనే ఉంది. అయినా దాన్ని వాదించి చెప్పవలసిన అవసరం కనిపిస్తోంది. బొమ్మలు గీయడం మనసుకు మంచిదని ఇప్పుడు చాలామంది అంటున్నారు, ఆ మాట వరకు నాకు అభ్యంతరం లేదు. గీయడం లోపలి వెలితిని నింపుతుంది అనే రెండో మాట దగ్గరే నాకు పేచీ. నా అనుభవంలో గీయడం దేన్నీ నింపలేదు. ఆ వెలితి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూపించింది. నాకు కావలసింది అదేనని తెలియడానికి ఏడాది పైగా పట్టింది.

ఆ వెలితి ఎలాంటిదో చెప్పకుండా ముందుకు వెళితే ఇదంతా గాలిలో మాట అవుతుంది. పెళ్లి అయిపోయి, బంధువులు వెళ్లిపోయి, పందిరి విప్పేశాక, వాకిట్లో గుంజలు పాతిన చోట్ల గుంతలు మిగులుతాయి కదా. కొన్నాళ్లపాటు రాత్రిపూట నడుస్తుంటే కాలు అందులో పడుతుంది. నా లోపల అలాంటి గుంతలు ఉండేవి. మా అమ్మాయి పెళ్లయి వెళ్లిన ఏడాదే నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే ఉద్యోగం మానేశాను కాబట్టి, కారణం అదేనని ఇంట్లోవాళ్లూ ఇరుగుపొరుగూ తేల్చేశారు. వాళ్లది ప్రేమే గాని ఆ లెక్క తప్పు. ఆ ఖాళీ నాకు ఇరవై ఏళ్లుగా పరిచయం. పరీక్ష పేపర్లు దిద్దుతున్నప్పుడు, కూర తాలింపు వేస్తున్నప్పుడు, నరసాపురం రేవులో పంటు కోసం నిలబడ్డప్పుడు, ఏ దుఃఖమూ లేకుండా, ఏ కోరికా లేకుండా, ఉన్నట్టుండి లోపల ఎవరూ లేరనిపించేది. వెంటనే ఏదో ఒక పని అందుకునేదాన్ని. ఉద్యోగం పోయాక ఆ ఖాళీ కొత్తగా రాలేదు, దాని మీద పరిచిన చాప తీసేసినట్టయింది.

నింపడం అనేది మనసుకు ఎంత లోతైన అలవాటో కంటిని చూస్తే తెలుస్తుంది. మన ప్రతి కంటిలోనూ నిజంగానే ఒక ఖాళీ ఉంది. కంటి వెనుక తెర నుంచి దృష్టినాడి మెదడుకు బయలుదేరే చోట కాంతిని పట్టుకునే కణాలు ఉండవు కనుక అక్కడ పడిన దృశ్యం మనకు అందదు. 1660ల్లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఎద్మే మారియట్ దీన్ని కనిపెట్టి చూపించే దాకా, మనుషులు పుట్టినప్పటి నుంచి ఆ మచ్చను కళ్లలో మోస్తూ కూడా దాన్ని ఎరగరు. ఎడమకన్ను మూసుకుని, కాగితం మీద బెత్తెడు దూరంలో పెట్టిన రెండు చుక్కల్లో ఎడమవైపు చుక్కను కుడికంటితో కదలకుండా చూస్తూ కాగితాన్ని మెల్లగా ముందుకూ వెనక్కూ జరిపితే, ఒకానొక దూరంలో కుడివైపు చుక్క మాయమవుతుంది. మాయమైన చోట నల్లటి రంధ్రం కనిపించదు, తెల్లకాగితమే కనిపిస్తుంది. కాగితం గీతలదైతే ఆ గీతలే అతుక్కుని కనిపిస్తాయి. చుట్టుపక్కల ఏముందో దాన్నే తెచ్చి మెదడు ఆ చోటును పూడ్చేస్తుంది. ఈ ప్రయోగాన్ని పిల్లలకు వినోదంగా చేయించేదాన్ని. తర్వాత ఒకరోజు ఒక్కదాన్నే చేసుకున్నప్పుడు కొంచెం భయం వేసింది. చూపులోనే ఇంత పూడిక ఉంటే, నా రోజుల్లో ఎంత పూడిక ఉందో అనిపించింది.

అందువల్ల సాధన అనదగినది ఏదైనా ఉంటే అది పూడ్చకుండా చూడగలగడంతో మొదలవ్వాలి. దానికి పెన్సిలు ఎందుకు పనికొస్తుందంటే, గీసే చెయ్యి చూపు కంటే చాలా నెమ్మది. కిమోన్ నికొలాయిడిస్ అనే అమెరికన్ డ్రాయింగు గురువు 1938లో మరణించారు. ఆయన పాఠాలు 1941లో పుస్తకంగా వచ్చాయి. అందులో మొట్టమొదటి అభ్యాసం ఇది: కాగితం వైపు చూడకూడదు, చూపు వస్తువు అంచు మీదే ఉండాలి, పెన్సిలు మొన కాగితాన్ని కాక ఆ వస్తువునే తాకుతోందని గట్టిగా నమ్మకం కుదిరాక గీత మొదలుపెట్టాలి, కన్ను ఎంత కదిలితే చెయ్యి అంతే కదలాలి. నేను రోజూ చేసేది దాదాపు ఇదే. ఒక చీమ ఆ అంచు వెంట పాకుతున్నట్టు ఊహించుకుంటాను. చీమ ఆగితే చెయ్యి ఆగుతుంది. పూర్తయ్యాక బొమ్మ వంకరగా ఉంటుంది, మెట్టు ఒకచోటా దాని అంచు మరొకచోటా పడతాయి, దాన్ని ఎవరికీ చూపించను, రబ్బరు దగ్గర పెట్టుకోను. మొదటి పది నిమిషాలు మనసు ఊరంతా తిరుగుతుంది: గ్యాసు బుక్ చేశానా, ఆవిడ నిన్న అలా ఎందుకంది, ఈ చెట్టు ఎవరిది. ఆ తర్వాత మాటలు పలచబడతాయి. అవి పలచబడ్డ చోట నాకు బాగా తెలిసిన ఆ ఖాళీ, పందిరి గుంత, బయటికి వస్తుంది. తేడా ఏమిటంటే ఇప్పుడు చేతిలో ఒక అంచు ఉంది. పారిపోవడానికి వేరే పని అందుకోనక్కర్లేదు. గట్టు వెంట పోతూనే దాన్ని చూడవచ్చు.

రంగులు నింపే పుస్తకాల గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నేను కూడా అక్కడే మొదలుపెట్టాను. పెద్దవాళ్ల కోసం అచ్చువేసిన మండలాలు, నెమళ్లు, పూలతీగలు ఉంటాయి. గళ్లు తయారుగా ఉంటాయి, మనం రంగు వేయాలి. ఆరు నెలలు వేశాను. హాయిగా ఉండేది. ఆ హాయిని తక్కువ చేయను. అలసిన మనిషికి విశ్రాంతి చిన్న విషయం కాదు. కాని అది విశ్రాంతి మాత్రమే. ఎవరో గీసిపెట్టిన అంచుల లోపల, ఒక్క తెల్లగడి కూడా మిగలకుండా పూర్తి చేయడమే అందులో ఆనందం. ఆఖరి గడి నిండగానే నాకు తోచేది మరో పేజీ తిప్పాలని. ఉద్యోగంలో ఉన్నప్పుడు నేను చేసిందీ అదే.

ఈ తేడా నాకు పుస్తకాల వల్ల తెలియలేదు, మా అమ్మ వల్ల తెలిసింది. మాది నరసాపురం దగ్గరి పల్లె. ఆ చుట్టుపక్కల పల్లెల్లో 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక తరతరాలుగా ఆడవాళ్ల చేతుల్లో నిలిచింది. మధ్యాహ్నం వంటలయ్యాక అరుగుల మీద కూర్చుని, కొక్కెం ఉన్న చిన్న సూదితో తెల్లదారాన్ని పువ్వులుగా, నక్షత్రాలుగా అల్లి, కట్టలు కట్టి ఏజెంటుకు ఇచ్చేవారు. వేళ్లు అరిగే పనికి వచ్చే డబ్బు ఎంత తక్కువో నాకు చిన్నప్పటి నుంచి తెలుసు కాబట్టి, ఆ అరుగుల మీది మధ్యాహ్నాలను అందంగా వర్ణించడం నాకిష్టం లేదు. కాని అమ్మ నేర్పిన ఒక విషయం మాత్రం మరవలేను. నాకు పదేళ్లప్పుడు అల్లిన మొదటి పువ్వు తీసుకెళ్లి చూపిస్తే, దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. నేను దారం ఎంత నున్నగా వచ్చిందో చూస్తుందనుకున్నాను.

“దారం సంగతి వదిలెయ్యవే. కన్నాలు చూడు,” అంది. “ఇదిగో, ఇక్కడ కన్నం సాగిపోయింది, ఇక్కడ మూసుకుపోయింది. కన్నాలు సమంగా ఉన్నాయంటే దారం సమంగా ఉన్నట్టే.”

లేసులో అల్లేవాళ్ల చేతికి తగిలేది దారమే, కొనేవాళ్ల కంటికి అందాన్నిచ్చేది కన్నాలు. ఆ కన్నాలన్నీ నింపేస్తే మిగిలేది ముతకగుడ్డ. అమ్మకు ఇప్పుడు చూపు తగ్గింది, సూది పట్టడం మానేసి చాలాకాలమైంది. అయినా ఇంట్లో ఉన్న పాత టేబుల్‌క్లాతు చేతికి దొరికితే వేలి కొసలతో ఆ కన్నాలనే తడుముతూ కూర్చుంటుంది. శూన్యం మీద నాకు దొరికిన మొదటి పాఠం అది, ఆ మాట తెలియక ముందే దొరికింది.

ఆ మాట తెలిశాక మరింత గందరగోళంలో పడ్డాను. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని కనుక సున్న అనేది నాకు రోజూ ఎదురయ్యే గుర్తు. ఒక సంఖ్యలోంచి అదే సంఖ్యను తీసివేస్తే వచ్చేది సున్న అని 628లో బ్రహ్మగుప్తుడు దానికి ఒక నిర్వచనం ఇచ్చి, దానితో కూడికలు, తీసివేతలు ఎలా చేయాలో సూత్రాలు రాశాడు. ఆ సున్న వచ్చింది శూన్యం అన్న మాటలోంచే. తీసివేతలో మిగిలేది కాబట్టి సున్న అంటే నష్టం అనే భావం నా తలలో పాతుకుపోయింది. లోపలి ఖాళీని కూడా అలాగే, ఏదో నా నుంచి తీసివేయగా మిగిలినదిగానే చూశాను. కాని మన వ్యాకరణంలో ఇంకో సున్న ఉంది. అరసున్నకు తోడుగా ఉండే ఆ పెద్ద సున్నను పండితులు పూర్ణబిందువు అంటారు, మామూలు జనం నిండుసున్న అంటారు. సున్నను నిండు అనే మాటతో పిలవడానికి జంకని భాష మనది.

ఆ నిండుసున్న చేసే పని ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. పంకా, పంచ, పంట, పంతం, పంపు అనే మాటలను మెల్లగా పలికి చూడండి. అయిదింటిలోనూ రాసేది ఒకటే గుండ్రని గుర్తు, పలికేది మాత్రం అయిదు వేర్వేరు అనునాసికాలు, ముక్కుతో పలికే ధ్వనులు. పక్కన క ఉంటే నాలుక గొంతు వైపు వెళుతుంది, ట ఉంటే అంగిలికి తగులుతుంది, ప ఉంటే పెదవులు మూసుకుంటాయి. సున్నకు తనదైన పలుకు ఒకటి స్థిరంగా లేదు; పక్కనున్న అక్షరం వల్లే దానికి పలుకు వస్తోంది. సంప్రదాయం ఆంధ్రదేశంతో ముడిపెట్టిన బౌద్ధ తాత్త్వికుడు నాగార్జునుడు శూన్యత అనే మాటను వాడింది దాదాపు ఈ అర్థంలోనే. వస్తువులు లేవని ఆయన అనలేదు. ప్రతిదీ మరొకదాన్ని ఆశ్రయించి పుడుతుంది, దేనికీ సొంతంగా, విడిగా నిలబడే స్వభావం లేదు, ఆ లేకపోవడమే శూన్యత అన్నాడు. పేజీ నడుమ నేను గీయని కాలువ అచ్చంగా అలాంటిదే. గట్టు లేకపోతే కాలువ లేదు, కాలువ లేకపోతే దాన్ని గట్టు అనడానికి వీల్లేదు. గట్టు గీత ఒక వెంట్రుకవాసి జరిగితే కాలువ ఆకారం మారిపోతుంది. ఇది చదివి అర్థం చేసుకోవడం వేరు, గీత జరిగినప్పుడల్లా చేతికి తెలియడం వేరు.

నాగార్జునుడి శూన్యతా, ఇరవై ఏళ్లు నన్ను వెంటాడిన వెలితీ ఒకటేనా? కాదు. ఆ రెంటినీ కలిపేయడం పెద్ద పొరపాటు, ఈ విషయం మీద మాట్లాడేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు. వెలితి ఒక బాధ, శూన్యత ఒక దర్శనం. బాధకు తత్త్వం పేరు పెట్టినంత మాత్రాన అది తగ్గదు, పైగా దాచుకోవడానికి గౌరవనీయమైన ముసుగు దొరుకుతుంది. వారాల తరబడి నిద్ర లేకపోయినా, తిండి సహించకపోయినా, బతకాలనిపించకపోయినా అది శూన్యసాధన కాదు, జబ్బు. డాక్టరు దగ్గరికి వెళ్లాలి. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వం నడిపే టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణిలో తెలుగులోనే మాట్లాడవచ్చు. పెన్సిలు మందు కాదు. నా వెలితి అంత దూరం వెళ్లలేదు కాబట్టే దాని పక్కన కూర్చుని గీయగలిగాను.

అయినా ఆ రెంటి మధ్య దారి అసలే లేదని కూడా అనను. లోపలికి చూడాలంటే మనకు మేడిపండు భయం. పైకి బాగున్నా పొట్ట విప్పితే పురుగులుంటాయని చిన్నప్పుడే నేర్చుకున్నాం. అందుకే మనల్ని మనం విప్పుకోవడానికి జంకుతాం. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో మేడికి దగ్గర చుట్టమైన మర్రిపండు ఉంది. ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుణ్ణి మర్రిపండు తెమ్మంటాడు, పగలగొట్టమంటాడు, ఏం కనిపిస్తోందని అడుగుతాడు. సన్నని గింజలు అంటాడు కొడుకు. ఒక గింజను పగలగొట్టమంటాడు తండ్రి, అందులో ఏముందని అడుగుతాడు. ఏమీ కనిపించడం లేదు అంటాడు కొడుకు. నీకు కనిపించని ఆ సూక్ష్మమైనదానిలోంచే ఇంత పెద్ద మర్రి నిలబడి ఉంది అని తండ్రి చెబుతాడు. ఈ కథ చదివి ఊరుకోలేక, మా శివాలయం వెనక మర్రిచెట్టు కింద రాలిన పండొకటి తెచ్చి, బ్లేడుతో రెండుగా కోసి, భూతద్దం పెట్టుకుని మూడు పొద్దుటిపూటలు గీశాను. ఎర్రటి తోలు లోపల చుట్టూ దట్టంగా గింజలు, నడుమ చిన్న గుల్ల. నిజం చెప్పాలంటే ఒకటి రెండు పురుగులు కూడా ఉన్నాయి. వాటినీ గీశాను. గీస్తున్నప్పుడు పురుగు పురుగే, గుల్ల గుల్లే. ఒకదాన్ని చూసి అసహ్యపడటానికీ, మరొకదాన్ని చూసి చేతులు జోడించడానికీ తీరిక లేదు. రెండింటి అంచులూ ఒకే శ్రద్ధను అడిగాయి. నాలోకి చూసుకోవడానికి ధైర్యం వచ్చింది ఆ మూడు రోజుల తర్వాతే.

ఈ దారిలో నాకు బలాన్నిచ్చిన చిత్రకారిణి నస్రీన్ మొహమ్మదీ. 1937లో కరాచీలో పుట్టి, లండన్‌లో చదువుకుని, 1972 నుంచి 1990లో మరణించే దాకా బరోడాలో చిత్రకళ బోధించారు. పెన్సిలు, సిరా, ఇంజనీర్లు వాడే గీత పరికరాలు, తెల్లకాగితం. అవే ఆమె సామగ్రి. సన్నని గీతలు వరుసగా, ఒకదానికొకటి దగ్గరవుతూ దూరమవుతూ పోతాయి, అక్కడ మనిషి లేడు, చెట్టు లేదు, చాలావాటికి పేరు కూడా లేదు. చివరి సంవత్సరాల్లో నాడీసంబంధమైన జబ్బు వల్ల శరీరం మీద అదుపు తప్పుతూ వచ్చినా ఆ గీతలు మాత్రం వణకలేదు. నేను ముద్రిత ప్రతులే చూశాను. మొదటిసారి చూసినప్పుడు నాకు గీతలు కనిపించాయి; మళ్లీ మళ్లీ చూడగా రెండు గీతల నడుమ ఉన్న చోటు కనిపించడం మొదలైంది, అమ్మ లేసును వెలుతురుకు ఎత్తినట్టే. మా నరసాపురంలోనే 1933లో పుట్టిన బాపు దారి పూర్తిగా వేరు, ఆయనది మనుషుల లోకం. అయినా ఆయన గీసిన చాలా ముఖాల్లో కన్నూ ముక్కూ జడా ఉంటాయి గాని చెంప ఉండదు. చెంప ఉన్నచోట కాగితమే ఉంటుంది. ఆ కాగితాన్ని తాకితే మెత్తగా ఉంటుందేమో అనిపిస్తుంది.

ముగ్గు ఉండగా కాగితం ఎందుకని మా తోడికోడలు అడిగింది. చాలా మంచి ప్రశ్న. మెలికల ముగ్గులో చుక్క దేన్నీ ముట్టుకోదు. గీత దాని చుట్టూ తిరిగి, తిరిగి, బయలుదేరిన చోటికే వస్తుంది, చుక్క లోపల ఒంటరిగా ఉండిపోతుంది. నేను చెప్పేదంతా ఆ ముగ్గులో ఉందని ఒప్పుకుంటాను. ధనుర్మాసంలో మంచు ఇంకా విడవక ముందు, పేడనీళ్లు చల్లిన వాకిట్లో పదిహేను చుక్కల ముగ్గు ఒక్క మెలికతో పూర్తి చేసిన ఆడవాళ్ల ముఖాల్లోని నిమ్మళం ఏ ధ్యానానికీ తీసిపోదు. కాని ముగ్గుకు లెక్క ముందే తెలుసు. చేయి అలవాటైన దారిలో పోతుంది, ఆ అలవాటే దాని హాయి. ఖాళీ కాలువకు అలాంటి లెక్క లేదు. నిన్నటి గట్టు ఇవాళ కొంచెం విరిగి ఉంటుంది. తెలియని అంచును మొదటిసారి చూడటమే నాకు కావలసిన సాధన. తోడికోడలు ఒప్పుకోలేదు. ముగ్గులో కూడా పిండి ప్రతిసారీ వేరుగానే రాలుతుందంది. ఆ మాట నాకు ఇంకా లోపల తిరుగుతూనే ఉంది.

రెండో అభ్యంతరం మా గుళ్లో ఉపనిషత్తు చెప్పే పెద్దాయనది. ధ్యానం రూపం నుంచి అరూపానికి వెళ్లాలి కదా, మీరు రూపాన్నే పట్టుకుని వేలాడుతున్నారేమిటమ్మా అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. కళ్లు మూసుకుని కూర్చోగలవాళ్లు కూర్చోవాలి, వాళ్లకు పెన్సిలు అడ్డమే. నేను కూర్చోలేకపోయాను. కళ్లు మూసుకుంటే నా మనసు కంటిలోని మచ్చను పూడ్చినట్టే ప్రతి క్షణాన్నీ పూడ్చేసేది, పూడ్చిందని కూడా నాకు తెలిసేది కాదు. కాగితం మీద పూడిస్తే కనిపిస్తుంది. కాలువ నడుమ తెల్లగా వదలవలసిన చోట చెయ్యి ఆత్రంగా నాలుగు గడ్డిపోచలు, ఒక రాయి, ఒక కొంగ వేసేస్తుంది. అవి అక్కడ లేవు. లేనివాటిని ఎందుకు వేశానో ఆ సాయంత్రం కూర్చుని ఆలోచిస్తే, సరిగ్గా ఆ నిమిషంలో ఏ ఆలోచన నుంచి తప్పుకోవాలనుకున్నానో గుర్తొచ్చేది. ఒకసారి అది మా నాన్న ఆఖరి రోజుల్లో నేను ఊళ్లో లేకపోవడం. ఒకసారి అది ఏమీ కాదు, ఊరికే ఖాళీ. ఆ కొంగను చెరపలేదు. పక్కన తేదీ వేసి వదిలేశాను. అరూపానికి వెళ్లే దారిలో నా చెయ్యి ఎక్కడెక్కడ అడ్డం పడుతోందో తెలియడానికి నాకున్న ఒకే ఒక ఆధారం ఆ నోటుబుక్కు. ఆ పెద్దాయనకు దాన్ని చూపించాను. పేజీలు మెల్లగా తిప్పి, కొంగ దగ్గర ఆగి, ఇది మొన్న కట్టేసిన కాలువేనా అని అడిగి, తిరిగి ఇచ్చేశారు.

ఈ ఏడు కాలువ కట్టేసి పదకొండు రోజులైంది. అడుగున బురద చాలు ఎండి తెల్లబడింది, పిల్లలు అందులో క్రికెట్టు ఆడుతున్నారు. వంతెన కింద నీడ ఎనిమిది గంటలయ్యేసరికి మూడో స్తంభం దాకా వస్తుంది, ఆ తర్వాత గీత సరిగా కనిపించదు కనుక అప్పటికి లేచి ఇంటికి వచ్చేస్తాను. ఇవాళ గట్టును పూర్తి చేసి, రేవు మెట్లలో పైనుంచి నాలుగోదాని దాకా వచ్చాను. అయిదో మెట్టు మూల విరిగిపోయింది, అక్కడ మట్టి జారిపోయి అరచేయంత చీకటి గుల్ల ఏర్పడింది. దాని అంచు ఎటు తిరిగిందో ఎంత చూసినా తేలలేదు. పెన్సిలు అక్కడే ఎత్తేశాను. రేపు అక్కడి నుంచే మొదలుపెట్టాలి.